సమస్యాపూరణం: వాన వెలిసినంత మేను దడిసె

సంచాలకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి.

వాన వెలిసినంత మేను దడిసె

సందర్భం కూడా ఇస్తున్నాను, దాన్ని వదలొద్దు. ఇంటికొచ్చిన స్నేహితుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఓ కుటుంబం బయటికెళ్లింది, వాన పట్టుకుంది. నెల్లూరు, ప్రకాశం వాళ్లకి ఇది అలవాటే. మిగతా చోట్ల వానలు తగ్గే వేళకి మనకి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి, డిసెంబరు దాకా వదలవు. కార్తీక వనభోజనాలు సరిగ్గా ఆ వానల్లోనే పడతాయి. పురాణాలకి పోకుండా మీరు తిరిగిన చోటు పద్యంలో కనిపించాలని నా కోరిక.

కావలి సభ్యుడు:
‘వా’కి ‘మే’ యతి ఎట్లా కుదిరింది సార్?

సంచాలకుడు:
పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం యతి. అవి కలవకపోయినా వాటి తర్వాతి అక్షరాలు కలిస్తే ప్రాసయతి. ‘వాన’లో రెండో అక్షరం న, నాలుగో గణం ‘మేను’లోనూ రెండోది న, ముందున్న వా, మే రెండూ గురువులే. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ఇది చెల్లుతుంది. కందంలో, వృత్తాల్లో చెల్లదు.

ఆత్మకూరు మాస్టారు:
నేలపట్టు చెరువు నీటిపక్షులఁ జూడఁ
బిల్లలెల్ల గట్టు వెంట నడువఁ
గొమ్మ లూపి గాలి గుమ్మరింపఁగ నీరు
వాన వెలిసినంత మేను దడిసె.

సంచాలకుడు:
మూడో పాదం ధార చాలా బాగుంది మాస్టారూ. 2022లో తిరుపతి జిల్లాలో కలిసినా నేలపట్టు పక్షుల కేంద్రం నెల్లూరు వాళ్ల మనసులో మనదే. రెండు మాటలు. గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే చెట్లు చెరువు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. గట్టు మీద నడిచే పిల్లల నెత్తిన ఏ కొమ్మ కురిసిందో చెప్పాలి. అడిగిన అతిథి కూడా పద్యంలోకి రాలేదు.

నెల్లూరు సభ్యురాలు:
మాదు మిత్రుతోడ మైపాడు వెళ్లఁగఁ
గారులోనె వాన గడిపినాము;
అలలు పిలువ బిడ్డ లాడఁగా నురికిరి
వాన వెలిసినంత మేను దడిసె.

సంచాలకుడు:
‘వాన గడిపినాము’ అన్న ప్రయోగం నాకు ఎంతో నచ్చిందమ్మా. అద్దాలు బిగించుకుని, పిల్లలు ‘ఇంకెంతసేపు’ అని ప్రాణం తీస్తుంటే కూర్చోవడం అంతా ఆ రెండు మాటల్లో ఉంది. అయితే ఉరికింది పిల్లలు, తడిసిన మేను ఎవరిది? ‘ఉరికిరి’ని ‘ఉరికితి’ చేసి చూడండి. పిల్లలు అలల్లోకి దిగగానే వెనకాలే పరుగెత్తిన తల్లి కనిపిస్తుంది. వాన వెలిసినా సముద్రం వెంటనే శాంతించదు కదా, ఆ పరుగుకి కారణమూ దొరుకుతుంది.

నెల్లూరు సభ్యురాలు:
‘ఉరికితి’ అనే తీసుకుంటున్నాను. ధన్యవాదాలండీ.

కనిగిరి సభ్యుడు:
బండిలోన మేము భైరవకోనకు
బయలుదేర మబ్బు పట్టె నపుడు
కొండ మీఁది నుండి జలపాత మురుకంగ
వాన వెలిసినంత మేను దడిసె.

సంచాలకుడు:
కొండను తొలిచిన 8 గుహాలయాలూ, పక్కనే జలపాతమూ ఉన్న చోటు. సమస్యకి ఇంతకన్నా తగినది దొరకదు. వాన ఆగాకే అక్కడ నీళ్ల జోరు తెలుస్తుంది. మూడో పాదంలో మాత్రం ‘కొ’కి ‘జ’ యతి చెల్లదు. ‘కొండ మీఁది నుండి కురియు నీరురుకంగ’ అంటే సరిపోతుంది. ‘కురియు’ రావడంతో వెలిసిన వాన కొండ మీంచి మళ్లీ మొదలైనట్టుంటుంది కూడా.

ఒంగోలు అక్కయ్య:
అతిథి కొఱకుఁ బట్టినట్టి యా గొడుగును
మడిచి పాప యూపె మఱియు మఱియు
నవ్వుచుండ నీళ్లు నడినెత్తిపైఁ జింద
వాన వెలిసినంత మేను దడిసె.
అనంతపురం నుంచి వచ్చిన మా స్నేహితుడికి కొత్తపట్నంలో జరిగిందే రాశాను.

సంచాలకుడు:
ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ అక్కయ్యా. వానంతసేపూ కాపాడిన గొడుగే చివరికి తడిపింది. బయటి నుంచి కారణం తేనక్కర్లేదు. సమస్య పాదం దానంతట అదే వచ్చి కూర్చుంది.

కావలి సభ్యుడు:
‘మఱియు మఱియు’ యతి కోసం వేసినట్టు లేదా సార్?

సంచాలకుడు:
లేదు. చిన్నపిల్లలు ఒక్కసారి చిమ్మి ఊరుకోరు, ఎదుటివాళ్లు నవ్వేకొద్దీ ఇంకా చిమ్ముతారు. పాప వయసు ఆ మాటతోనే తెలిసింది. గణం కోసం వచ్చింది మొదటి పాదంలోని ‘యా’. ‘అతిథి కొఱకుఁ బట్టినట్టి నల్లగొడుగు’ అంటే ఆ జాగాలో గొడుగు రంగు వస్తుంది, గణాలూ చెడవు.

ఒంగోలు అక్కయ్య:
మా ఇంట్లోదీ నల్లగొడుగే. అట్లాగే ఉంచండి.