అమ్మానాన్నలకి ఇంట్లో మనిషిని పెట్టాక, బాగా చూస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

కూకట్‌పల్లి_కోడలు
మా అత్తయ్యకి 78. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట సరిగా రాదు. ఏజెన్సీ నుంచి 24 గంటల మనిషిని పెట్టుకున్నాం, నాలుగు నెలల్లో ఈమె మూడో అమ్మాయి. మేమిద్దరం ఎనిమిదింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడే. వచ్చేసరికి తల దువ్వి, బొట్టు పెట్టి, పౌడర్ రాసి కూర్చోబెట్టి ఉంచుతుంది. బాగా చూస్తోందా అని అడిగితే అత్తయ్య అన్నింటికీ తల ఊపుతారు. మీరెలా కనిపెట్టారు?

బెజవాడబ్బాయి
పౌడర్ చూసి మోసపోకండి, మేం అలాగే పోయాం. దుప్పటి తీసి మడమలు, నడుం కింద భాగం చూడండి. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కండి, నొక్కినా తెల్లబడకపోతే ఒకే పక్కన పడుకుని ఉంటే వచ్చే పుండు మొదలైనట్టే. చామనఛాయ వాళ్ళకి ఎరుపు తెలీదు, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. మా నాన్నకి రెండు గంటలకోసారి పక్క మార్చమన్నారు డాక్టరు, ఎయిర్ బెడ్ ఉందిగా అని ఆ కుర్రాడు మానేశాడు. వాసన వచ్చాక గానీ మాకు తెలీలేదండీ.

డల్లాస్_నిద్రలేదు
నేను కెమెరా పెట్టించి ఆఫీసులో కూడా అదే చూస్తూ కూర్చున్నాను, టెన్షన్ తప్ప ఒరిగిందేం లేదు. మా అక్క ఓ రోజు చెప్పకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి బీపీ పుస్తకం తెరిస్తే, ఆ రాత్రి ఎనిమిదింటి బీపీ అప్పటికే రాసేసి ఉంది! 130/80. వెనక్కి తిప్పితే పదిరోజులుగా అదే అంకె, అదే పెన్ను. ఏజెన్సీ వాళ్ళు మాకు ‘నర్స్’ అనే చెప్పారు. నర్స్ అంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అది అడిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశారు.

నైట్‌డ్యూటీ_అక్క
నేను తొమ్మిదేళ్ళుగా ఈ పనే చేస్తున్నా, నా మాట కూడా వినండి. కొత్త ఇంటికి పంపేటప్పుడు పేషెంట్ నీళ్ళు తాగితే పొలమారుతుందా, ఏ చెయ్యి పట్టి లేపాలి, ఇవేవీ ఎవరూ చెప్పరు, అడ్రస్ ఒక్కటే వాట్సాప్‌లో వస్తుంది. రాత్రి నాలుగుసార్లు లేచి పక్క మార్చిన మనిషి పగలు కునికితే మీ కెమెరాలో ఆ కునుకే పడుతుంది. మీరు ఏజెన్సీకి కట్టే డబ్బులో ఆ అమ్మాయి చేతికి ఎంత వస్తోందో, వారానికి ఒక్కరోజైనా సెలవుందో అడిగారా? మనుషులు ఊరికే మారిపోరమ్మా. ముక్కుగొట్టం ఉన్న పేషెంట్ అయితే పనిలో పెట్టుకునేముందే ‘పాలు పోసేముందు ఏం చూస్తావు’ అని అడగండి. గొట్టం జరిగిందేమో చూస్తాను, తలవైపు ఎత్తుగా పెడతాను అనకుండా నీళ్ళు నమిలితే వద్దనండి.

వరంగల్_రిటైర్డ్
14567 ఎల్డర్‌లైన్, పెద్దవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన ఫ్రీ నంబరు. కొట్టడం, పస్తుపెట్టడం లాంటివి ఉంటే పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకూ చేయొచ్చు. ఏజెన్సీ అడ్వాన్స్ గొడవలకి మాత్రం వినియోగదారుల కమిషనే (ఇదివరకు ఫోరం అనేవాళ్ళు).

కూకట్‌పల్లి_కోడలు
నిన్న సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. కుడి మడమ దగ్గర రూపాయి బిళ్ళంత ఎరుపు ఉంది, నొక్కితే తెల్లబడింది, హమ్మయ్య. పిక్క కింద పాత చీర మడత పెట్టి మడమ పరుపుకి తగలకుండా పెడుతోంది, నేను చెప్పలేదు, తనే. రాత్రిళ్ళు పడుకుంటున్నావా అని అడిగితే నవ్వి ఊరుకుంది. శనివారం రాత్రులు ఇక నేనే చూసుకుంటానన్నాను, మావారు ఇంకా ఏమీ అనలేదు. జేఎన్‌టీయూ వైపు ఎయిర్ బెడ్ అద్దెకిచ్చేవాళ్ళు ఎవరైనా తెలుసా?