తంగేడు గింజలు మొలకెత్తడం లేదు, ఏం చేయాలి?

మట్టివాసన:
మా గోడ వారగా గులకరాళ్ల నేల, రోజంతా ఎండ. అక్కడ తంగేడు పెంచాలని ఎంతో ఆశ. ఎండిన కాయల్లోంచి గింజలు తీసి కుండీలో వేస్తే ఒక్కటే మొలిచింది. మిగతావి తవ్వి చూస్తే కుళ్లలేదు, వేసినప్పటిలాగే గట్టిగా ఉన్నాయి. ఇక మొలవవా? మొలిచినదాన్ని నేలలోకి ఎప్పుడు మార్చాలి?

ఎర్రనేల:
గట్టిగా ఉన్నాయంటే బతికే ఉండొచ్చండి, పారేయకండి. తంగేడు గింజ పైపొర నీటిని లోపలికి పోనివ్వదు. బయలులో అది ఎండకూ వానకూ మెల్లగా అరుగుతుంది కాబట్టి గింజలన్నీ ఒకేసారి మొలవవు. మెట్టనేల మొక్కకు అదే రక్షణ. ఒక్క అకాల వానకే అన్నీ మొలిచి మాడిపోతే వంశం మిగలదు కదా! మీరు గింజను ఒక పక్క గరుకు కాగితం మీద రుద్దండి, పైరంగు పోతే చాలు. లేదంటే నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించాక గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి.

మొలిచినదాన్ని ఆలస్యం చేయకుండా, చిన్నగా ఉండగానే మార్చండి. తల్లివేరు లోతుకు దిగే మొక్క ఇది, వేరు తెగితే కోలుకోవడం కష్టం. అందుకే నేను కుండీ జోలికి పోను, తొలకరికి నేరుగా నేలలోనే విత్తుతాను.

పచ్చతోరణం:
వేసవిలో రోజూ నీళ్లు పోస్తే పూలు ఇంకా ఎక్కువ వస్తాయి కదండీ?

ఎర్రనేల:
నాకైతే అలా అనిపించలేదండి. మొదటి ఏడాది వేరు దిగేదాకా పోయాలి, ఆ తర్వాత బాగా తగ్గించాలి. నీళ్లు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. ఇంకో మాట, ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు కనిపిస్తే దయచేసి మందు కొట్టకండి. చాలావరకు అవి సీతాకోకచిలుకల పిల్లలే, ఆకు మళ్లీ చిగురిస్తుంది. పూలలో తేనె ఉండదు, తుమ్మెదలు పుప్పొడి కోసమే వస్తాయి. పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిలిస్తే, కేసరాల కొసన ఉండే సన్నని రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. ఒకసారి దగ్గరగా నిలబడి వినండి, ఎంత బాగుంటుందో!

మట్టివాసన:
చాలా థాంక్స్ అండి. గోడకు ఎంత దూరంలో పెట్టాలి?

ఎర్రనేల:
ఒక మీటరైనా వదలండి, పొదలా పక్కలకు పరుచుకుంటుంది. మరీ పెరిగితే పూత అయ్యాక కొమ్మలు కత్తిరించుకోవచ్చు.