సమస్య: లెక్క తప్పు హైకు చక్కనయ్యె

నిర్వాహకులు:
చెన్నపట్టణం సమస్యాపూరణ బృందం సభ్యులందరికీ నమస్కారం. పెరంబూరు అక్కయ్య గారు ఆదివారాలు తమ మేడమీద ఇరుగుపొరుగు తెలుగు పిల్లలకు పాఠం చెబుతారన్న సంగతి మీరెరిగినదే. మొన్న వారిచేత హైకూలు (జపాను వారి మూడు పాదాల చిట్టి కవితలు) వ్రాయించి, ఐదు, ఏడు, ఐదు అక్షరాలు రావాలని చెప్పి, చేతికొచ్చిన కాగితాలలో ఒకదాన్ని పట్టుకుని నాకు ఫోను చేశారు. లెక్క తప్పింది గాని దిద్దడానికి చెయ్యి రావడం లేదన్నారు. ఆ మాటలోనే ఈ వారం పాదం దొరికింది; దీన్నే చివరి పాదంగా ఉంచి పద్యం పూరించండి.

లెక్క తప్పు హైకు చక్కనయ్యె

తుపాను వెలిసిన మర్నాడు నాలుగో తరగతి పాప వ్రాసిన ఆ హైకూ ఇది.

వాన వెలిసింది
చెప్పు ఒక్కటే
గుమ్మం దగ్గర

తాంబరం తమ్ముడు:
నా పూరణ.

కన్నదాని నట్లె కాగితమున దింపి
పొల్లు మాట చేర్పఁ బోక విడువ
నైదు నేడు నైదు నక్షరాలవి యేల
లెక్క తప్పు హైకు చక్కనయ్యె

మైలాపూరు మాస్టారు:
తమ్ముడూ, "నైదు నేడు నైదు" అని మూడు గణాలలో మూడు సంఖ్యలను ఇమిడ్చి, యతికి అక్షరాలనే తెచ్చి నిలబెట్టడం నిజంగా బాగుంది. పోయిన నెల నీ పూరణలో యతి కోసం వెతుక్కోవలసి వచ్చిందని నేను అన్నందుకు ఇది తగిన సమాధానమే. కాని "అవి యేల" అన్న ప్రశ్నను నేను ఒప్పుకోను. లెక్క లేకపోతే పిల్లవాడు ఒక వాక్యాన్ని మూడు ముక్కలుగా విరిచి తెచ్చి హైకూ అంటాడు. పదిహేడు దాటకూడదన్న కట్టడి ఉన్నప్పుడే ఏ మాట లేకున్నా పని జరుగుతుందో వెతుకుతాడు. శతకపద్యాలు కంఠస్థం చేసిన పిల్లలకు గణం ముందు చెవికి పట్టుబడి తరువాత పుస్తకంలో కనబడినట్లే, లెక్క కూడా చిన్ననాడే అలవడాలి.

పెరంబూరు అక్కయ్య:
మాస్టారూ, మీరన్న కట్టడినే నమ్మి ఆ పాప కాగితాన్ని ఆమె ఎదుటే దిద్ది చూశాను. ఐదు, ఏడు, ఐదు సరిగ్గా వచ్చాయి.

వాన వెలిసె
చిన్న చెప్పు ఒక్కటే
గుమ్మం దగ్గర

పాప చదువుకుని, "చిన్న చెప్పు కాదండీ, అది మా తాతయ్యది" అంది. రెండక్షరాలు పూడ్చడానికి నేను వేసిన మాట, ఆమె చూసినదాన్ని అబద్ధం చేసింది. "వెలిసె" అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుకుంటూ తెలుగును ఇంట్లో చెవితోనే నేర్చుకున్న పిల్లలకు "వెలిసింది" అన్న మాట సొంతం, "వెలిసె" అన్నది పద్యాల వాళ్ళ సొంతం. ఆ సొంతమాటను లెక్క కోసం తీసేస్తే పాప వచ్చే ఆదివారం నోరు విప్పదు.

ఇంకొక సంగతి ఉంది. జపాను వారు ఎంచే ఐదు, ఏడు, ఐదు మన అక్షరాలు కావు. టోక్యో అన్న ఊరి పేరు మనకు రెండక్షరాలైతే, రెండు దీర్ఘాలూ ఉండడం వల్ల వారి లెక్కలో నాలుగు. పదం చివర పలికే నకారపు పొల్లు ఒకటి, ద్విత్వంలో నోరు ఆగే క్షణం ఒకటి. వారు కొలిచేది ఉచ్చారణకు పట్టే కాలాన్ని, కనుక అది మన మాత్రకే (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) దగ్గర. మనం దాన్ని అక్షరాలలోకి మార్చుకుని, ఆ మార్చుకున్న కొలతతో పిల్లలను మందలిస్తున్నాం.

అడయారు కవి:
అక్కయ్య గారు చెప్పినదానికి తోడుగా ఒక్క మాట. ఎండుకొమ్మ మీద కాకి వాలిన శరత్సంధ్యను జపాను కవి బషో హైకూగా చెప్పినప్పుడు, ఏడు ఉండవలసిన నడిమి పాదంలో తొమ్మిది వచ్చాయి. ఆ లోకంలో గురువుగా నిలిచిన కవే కాకి కోసం లెక్క దాటాడు. హైకూ మన ఊరికి నిన్నమొన్న వచ్చిన అతిథి కూడా కాదు. 1916లోనే ఇక్కడి స్వదేశమిత్రన్ పత్రికలో తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి జపాను కవిత్వం గురించి వ్యాసం వ్రాశారు.

పిల్లలకు లెక్కకన్న ముందు చెప్పవలసింది ఋతువు. హైకూలో ఋతువును పట్టిచ్చే మాట ఒకటి ఉండాలని చెప్పి, ఉదాహరణకు మంచునూ చెర్రీ పూలనూ చూపిస్తే, మే నెల కత్తిరి ఎండలో ఆడుకునే పిల్లలు కూడా మంచు గురించే వ్రాస్తారు. నా పూరణ ఆ బాధతో వచ్చింది.

వేళ్ళు మడిచి మడిచి వెదకిన మాటలు
మంచు పూల తోట మనది కాదు
చెమట బొట్టుతోఁ జెన్నపట్టణమున్న
లెక్క తప్పు హైకు చక్కనయ్యె

తాంబరం తమ్ముడు:
కవిగారూ, "చెన్నపట్టణమున్న" అన్నది చక్కగా ఒదిగింది. కాని "తోఁ" దగ్గర ఒక లఘువు జారిపోయి మూడవ గణం కుంటుతున్నది. "చెమట బొట్టుతోడఁ జెన్నపట్టణమున్న" అంటే సరిపోతుంది. ఇతరుల పూరణలలో పొల్లును కూడా వదలని మీ పాదంలో ఇది ఎలా నిలిచిందో గాని, భావం మాత్రం ఈ పుటలో అందరికన్న ముందుంది.

పెరంబూరు అక్కయ్య:
తమ్ముడు సూచించిన సవరణే ఉండాలి. ఋతువు గురించి కవిగారు ఇంత పట్టుదలగా చెప్పడం నాకు మరీ సంతోషం, ఎందుకంటే పోయినసారి "కోయిల" సమస్యకు మార్గళి (ధనుర్మాసం) ముగ్గుల మధ్య వసంతపు కోయిలను కూయించినది వారే. ఆ రోజు నేను అడిగితే కవిసమయం, అంటే కవులు వాడుకగా ఒప్పుకున్న కల్పన, అన్నారు. మా మేడమీద పిల్లలకు కవిసమయం తెలియదు. విన్నదే వ్రాస్తారు. "లాగా" అన్న మాట వాడవద్దని, చూసిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి మధ్యలో తెంపి వదలమని మాత్రమే నేను చెబుతాను. మే నెలలో ఐదో తరగతి పిల్లవాడు ఇచ్చినది ఇది.

కత్తిరి ఎండ
బస్సు కింద నీడలో
కుక్క నాలుక

మైలాపూరు మాస్టారు:
ఇందులో అక్షరాలు సరిగ్గా ఐదు, ఏడు, ఐదు ఉన్నాయి, అక్కయ్య గారూ. నేను చెప్పినదానికి మీ పిల్లవాడే సాక్ష్యం. కుక్క ఏం చేస్తున్నదో చెప్పకుండా నాలుకతో ఆపాడు. "పడుకుంది" అన్న క్రియకు చోటు లేకపోవడం వల్లనే ఆ చివరి పాదం అంత బిగిసింది.

పెరంబూరు అక్కయ్య:
వాడు ఎంచి వ్రాయలేదు, మాస్టారూ. వ్రాసిన తరువాత నేను ఎంచితే సరిపోయింది. అయినా బిగువు విషయంలో మీ మాట కాదనను, అందుకే పాప హైకూను కూడా మళ్ళీ ఒకసారి గురులఘువులు వేసి చూశాను. అప్పుడు వచ్చిన పూరణ ఇది. అడయారు కవిగారి మడిచిన వేళ్ళను అరువు తెచ్చుకున్నాను.

అక్షరములఁ గాక యరసి మాత్రల నెంచ
నెనిమి దెనిమి దెనిమి దేర్పడంగ
వ్రేలు మడిచి మనము వేసిన తొలినాటి
లెక్క తప్పు; హైకు చక్కనయ్యె

తాంబరం తమ్ముడు:
నేను కూడా ఎంచాను. "వాన వెలిసింది" ఎనిమిది, "చెప్పు ఒక్కటే" ఎనిమిది, "గుమ్మం దగ్గర" ఎనిమిది. మేమంతా హైకూ లెక్క తప్పిందని పూరించాం. అక్కయ్య గారు పాదాన్ని "తప్పు" దగ్గర విరిచి, తప్పును లెక్కపెట్టినవారి వైపు తిప్పారు. ఈ విరుపు ముందు నా "అవి యేల" పనికిరాదు.

అడయారు కవి:
రెండవ పాదం మూడుసార్లు మోగి నాలుగవ గణంలో సంధితో యతిని అందుకోవడం గొప్పగా ఉంది. "వ్రే" కు "వే" సంయుక్తాక్షర యతిగా చెల్లుతుంది కాబట్టి మాస్టారు అక్కడ ఆగనక్కరలేదు. నా వేళ్ళను తీసుకుని నాకే చూపించినందుకు కోపం లేదు. కోయిల సంగతి మాత్రం మరో సమస్యలో తేల్చుకుందాం.

మైలాపూరు మాస్టారు:
యతి దగ్గర నేను ఆగలేదు. పాప హైకూ దగ్గర ఆగాను. తెలుగు వినిపించే ఇంట్లో పెరిగిన చెవి తనకు తెలియకుండానే మూడు పాదాలనూ సమంగా తూచిందని నాకు అనిపిస్తున్నది, అందుకు సంతోషంగా ఉంది. అయితే ఒక విన్నపం. ఐదు, ఏడు, ఐదును తీసేసి దాని స్థానంలో ఎనిమిది మాత్రలను నియమంగా పెట్టవద్దు. రేపు ఇంకొక పాప తొమ్మిది మాత్రలు వ్రాస్తే మళ్ళీ ఇదే తగవు వస్తుంది.

పెరంబూరు అక్కయ్య:
పిల్లలకు ఎనిమిది సంగతి చెప్పను, మాస్టారూ. ముందు చూసినది చెప్పమంటాను, తరువాత ఏ మాట తీసేయవచ్చో వారినే అడుగుతాను, ఎంచడం ఆ తరువాత. వచ్చే ఆదివారం మీరు వస్తే ఆ తీసివేత మీచేత చేయిస్తాను, ఆ పనిలో మీకు సాటి ఎవరూ లేరు. తాతయ్య చెప్పు జోలికి మాత్రం వెళ్ళవద్దు.