కిసింజర్ గీత చాలా, ఐసోథర్మల్ కూడా చేయాలా?

గాజురిబ్బన్: లోహపు గాజు (పరమాణువులు స్ఫటికంలా వరుసగా లేని లోహం) రిబ్బన్‌ను డీఎస్‌సీలో (వేడిచేస్తూ నమూనా పీల్చే, వదిలే వేడిని కొలిచే యంత్రం) నిమిషానికి 5, 10, 20, 40 కెల్విన్ చొప్పున వేడిచేశాను. స్ఫటికీకరణ పీక్ 800 కెల్విన్ దగ్గర వస్తోంది. కిసింజర్ పద్ధతిలో (వేగం మారితే పీక్ ఎంత జరిగిందో గీత గీసి, దాని వాలు నుంచి లెక్కకట్టేది) యాక్టివేషన్ ఎనర్జీ, అంటే స్ఫటికమవడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి, మోల్‌కు 300 కిలోజౌల్. ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలిపి (ఐసోథర్మల్‌గా) కొలిస్తే 340. పేపర్లో ఏది రాయాలి?

పాతకొలిమి: 300 రాయండి. కిసింజర్ పద్ధతి 1957 నుంచి నడుస్తోంది. ఐసోథర్మల్‌లో నమూనా ఆ వేడికి చేరేలోపే కొంత స్ఫటికమైపోతుంది, అసలు సున్నా సమయం ఎక్కడో ఎవరికీ తెలీదు.

మిల్లీగ్రాము: నమూనా బరువెంత?

వాలుగీత: ఒజావా పద్ధతి (కిసింజర్ లాంటిదే, సూత్రం ఇంకాస్త సరళం) చేశారా? అందులో వచ్చిన అంకెను 1.052తో భాగించారా లేదా? అందరూ అక్కడే తప్పుతారు.

పాతకొలిమి: వాలుగీత గారూ, ఒజావాలో లాగా కిసింజర్ సూత్రంలోని టీ (ఉష్ణోగ్రత) వర్గం వదిలేస్తే ఫలితం 2ఆర్‌టీ (ఆర్ వాయు స్థిరాంకం), అంటే 13 కిలోజౌల్ పెరుగుతుంది. 313ని 1.052తో భాగిస్తే మళ్లీ 298. ఇక్కడ తేడా 40!

వాలుగీత: అయినా భాగించారో లేదో చెప్పలేదు.

న్యూక్లియస్: రెండూ వద్దు. అవ్రామీ లెక్కలో (కాలంతో ఎంత భాగం స్ఫటికమైందో చెప్పే సూత్రం) వచ్చే ఎనర్జీ కేంద్రకాలు, అంటే స్ఫటికపు తొలి బీజాలు, పుట్టడానికీ, అవి పెరగడానికీ కావలసినవాటి కలగలుపు. పీక్‌కన్నా కింద, 740 కెల్విన్ దగ్గర ఒక పాళ్లు, పీక్ వచ్చే 800 దగ్గర ఇంకో పాళ్లు. ఫ్రీడ్‌మన్ పద్ధతిలో, స్ఫటికీకరణ 20, 50, 80 శాతం అయిన చోట్ల ఎనర్జీ విడివిడిగా తీయండి. ఒకే అంకె రాయడం అబద్ధం.

పాతకొలిమి: అబద్ధమా? సరిగ్గా ఈ మాటతోనే ఒక రివ్యూయర్ నా పేపర్ వెనక్కి పంపాడు. ఐసోథర్మల్ చేయడానికి ఏడు నెలలు పట్టింది. చివరికి అదే అంకె!

న్యూక్లియస్: మీ పదార్థంలో అదే వచ్చింది. అందుకని అందరికీ అదే రావాలా?

పాతకొలిమి: మరి ఏ పదార్థానికైనా ఒక విలువంటూ ఉండాలి కదా! లేకపోతే ఇన్నేళ్లుగా మేం కొలిచిందేమిటి?

న్యూక్లియస్: అదే నా పేచీ. మీరు దాన్ని సాంద్రతలా పదార్థపు గుణం అంటున్నారు. నాకది ఆ ప్రయోగంలో గీత వాలు, అంతే. ముందే కాస్త ఎనీల్ చేస్తే (వేడిలో కొంతసేపు ఉంచితే) అదే రిబ్బన్ వేరే అంకె ఇవ్వగలదు.

మిల్లీగ్రాము: బరువు? మూడోసారి అడగను.

గాజురిబ్బన్: సారీ అండి. 22 మిల్లీగ్రాములు. యంత్రం క్యాలిబ్రేషన్ (కరిగే ఉష్ణోగ్రత తెలిసిన లోహంతో సరిచూడటం) ఇండియంతో, నిమిషానికి 10 కెల్విన్ వేగం దగ్గర మాత్రమే.

మిల్లీగ్రాము: అదీ సంగతి. ఇండియం కరిగేది 156.6 సెల్సియస్ దగ్గర, మీ పీక్ 527 దగ్గర. 5 నుంచి 40కి పీక్ జరిగేదే దాదాపు 35 కెల్విన్. బరువైన నమూనా వేగంగా వేడిచేస్తే వెనకబడుతుంది, పీక్ ఉన్నదానికన్నా పైన కనిపిస్తుంది. అందులో 3 కెల్విన్ అబద్ధమైతే మీ 300 అసలు 328. జింక్ కూడా పెట్టి, ప్రతి వేగానికీ క్యాలిబ్రేట్ చేసి, 5 మిల్లీగ్రాములతో మళ్లీ నడపండి.

పాతకొలిమి: చూశారా, కిసింజర్ తప్పు కాదు.

న్యూక్లియస్: 328 కూడా 340 కాదు.

వాలుగీత: 1.052 సంగతి?