చిన్న కారు తలుపుల్లో కొత్త స్పీకర్లు: డబ్బు ముందు స్పీకరుకా, తలుపుకా?

మారతహళ్లి మజిలీ:

బెంగళూరులో ఉండి, కారు తలుపు ఒకసారైనా విప్పించిన తెలుగువారి సలహా కావాలి. మాది చిన్న హ్యాచ్‌బ్యాక్, బేస్ మోడల్. ముందు తలుపుల్లో కంపెనీ స్పీకర్లు రెండు ఉన్నాయి. వెనక తలుపులకు జాలీ ఉంది, దాని వెనక ఏమీ లేదు. ఉన్న స్టీరియోను మార్చే ఉద్దేశం లేదు. చేతిలో ఉన్నది 15 వేలు.

జేసీ రోడ్డుకు వెళ్లి మతి పోగొట్టుకుని వచ్చాను. ఒక షాపులో నాలుగు తలుపులకూ కోయాక్సియల్ (పెద్ద కోను, చిన్న ట్వీటరు ఒకే చట్రంలో ఉండే స్పీకరు) వేసుకోండి, గంటలో పంపించేస్తాం అన్నారు. పక్క షాపులో ముందు తలుపులకు కాంపొనెంట్ సెట్టు (ట్వీటరు విడిగా వచ్చేది), సీటు కింద ఆంప్లిఫైయరు, పైగా సబ్‌ఊఫరు (బాగా కిందిస్థాయి ధ్వనులకే ఉండే పెద్ద స్పీకరు) కలిపి నా బడ్జెట్‌కు రెట్టింపు లెక్క రాసిచ్చారు. ఎదురు వరసలో ఒక పెద్దాయన మాత్రం స్పీకర్లు ఇప్పుడే వద్దు, ముందు తలుపులకు డంపింగ్, అంటే రేకు మోగకుండా లోపల షీటు అంటించడం, చేయించుకుని వినండి, ఆ తర్వాత చూద్దాం అన్నాడు. అమ్ముకునేవాడే కొనవద్దంటుంటే నమ్మాలో అనుమానించాలో తెలియడం లేదు.

వాడకం చెబుతాను. వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు, సెలవులకు కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరుకు. అప్పుడు వెనక సీట్లో నాన్నగారు ఘంటసాల పద్యాలు వింటారు.

పాత రేడియో:

ఆ పెద్దాయన మాట వినండి. ఇంట్లో స్పీకరుకు చెక్కపెట్టె ఎందుకుంటుందో ఆలోచించండి. కోను (స్పీకరులో కదిలే గరాటు లాంటి భాగం) ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిసే దారి దొరికితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైస్థాయి ధ్వనులకు ఈ బాధ తక్కువ, వాటి తరంగం పొట్టిది. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. రేకులో ఉన్న బెత్తెడు కంతలోంచి చుట్టుతిరిగి రావడం దానికి ఒక లెక్క కాదు. మృదంగంలో తొప్పి వైపు నాదం, మగగొంతులో కింది బరువు అలాగే పోతాయి.

మీ తలుపు ప్యాడ్ (లోపలి వైపు ప్లాస్టిక్ పలక) ఊడదీస్తే కనిపించేది ఇదే: లోపలి రేకుకు చెయ్యి దూరేంత కంతలు, వాటి మీద నల్లటి జిగురుతో అంటించిన పలచని ప్లాస్టిక్ షీటు. అది నీటికి తెర, శబ్దానికి కాదు. కంతలోంచి చెయ్యి పెట్టి బయటి రేకును వేలితో తట్టండి, ఖాళీ నూనె డబ్బాలా మోగుతుంది. ఆ రేకు లోపలి వైపు 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీటు వేయించాలి, తలుపంతా కాకపోయినా స్పీకరు వెనక భాగమైనా నిండాలి. ఆ తర్వాత లోపలి రేకు కంతలకు మూతలు. ఈ రెండూ అయ్యాక ఇప్పుడున్న స్పీకరే మరో రకంగా పలుకుతుంది.

బ్యూటైల్ అని చెప్పి తారు షీటు అంటించేవాళ్లున్నారు, జాగ్రత్త. ఎండలో నిలబెట్టిన కారు రేకు ఎంత కాలుతుందో మీకు చెప్పనక్కర్లేదు. తారు మెత్తబడి జారుతుంది, కారంతా వాసన. చిన్న ముక్క చించి ముక్కు దగ్గర పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది.

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

శాస్త్రం బాగానే ఉంది, కాకపోతే అది ఇంజను ఆపి, అద్దాలెత్తి, చెట్టు నీడన నిలబెట్టిన కారుకు వర్తిస్తుంది. మజిలీ గారి కారు తిరిగేది ఔటర్ రింగ్ రోడ్డు మీద. లోపల ఏసీ బ్లోయరు రొద, పక్కన బీఎంటీసీ బస్సు, వెనక హారను మీద చెయ్యి తీయని క్యాబు. ఆ సందట్లో మృదంగం తొప్పి నాదం ఎవరికి కావాలండీ?

బేస్ మోడల్‌తో వచ్చే స్పీకరును ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? కాగితం కోను, బరువే లేని చిన్న అయస్కాంతం, చాలావాటికి పైస్థాయి ధ్వనులు పలికే ట్వీటరు కూడా ఉండదు. పద్యంలో స, ష, శ మూడూ ఒకేలా వినిపించే స్పీకరుకు చుట్టూ ఎంత బందోబస్తు చేస్తే ఏం లాభం? ముందు తలుపులకు మంచి కోయాక్సియల్ జత వేయించుకోండి, కథ ముగిసింది. తీసేసిన కంపెనీ స్పీకర్లను వెనక తలుపుల్లో పెట్టించండి. నాన్నగారి పద్యాలకూ దారి దొరుకుతుంది, మీ డబ్బూ మిగులుతుంది.

తలుపు విప్పేవాడు:

ఇదే నా వృత్తి. షాపు పేరు చెబితే బేరం కోసం వచ్చాననుకుంటారు, కాబట్టి చెప్పను. మీ ఇద్దరి వాదన తేలేలోగా అసలా స్పీకరు ఆ తలుపులో కూర్చుంటుందో లేదో చూడాలి కదా.

డబ్బా మీద 6.5 అంగుళాలు అని రాసి ఉంటే చాలదు. చూడాల్సింది లోతు. చిన్న కార్ల తలుపు సన్నం, గ్లాసు దిగేది స్పీకరు అయస్కాంతం వెనకనుంచే. గ్లాసును పూర్తిగా దించి, స్పీకరు కూర్చునే అంచు నుంచి గ్లాసు దాకా టేపు పెట్టాలి. ఎత్తి ఉండగా కొలిచినవాళ్లను చాలామందిని చూశాను. ప్యాడ్ బిగించి స్విచ్ నొక్కగానే లోపల టక్కుమంటుంది, అద్దం సగంలో ఆగిపోతుంది. లోతు చాలకపోతే రింగు వేసి స్పీకరును ముందుకు తెస్తాం. మరీ ముందుకు తెస్తే ప్యాడ్ జాలీకి తగిలి గరగరలాడుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత జాగా ఉందో దాన్నిబట్టి ఏ స్పీకరు కొనాలో తేలుతుంది, మీకు నచ్చినదాన్నిబట్టి కాదు.

రింగు ఎండీఎఫ్‌ది (చెక్కపొడిని అతికించి చేసే పలక) వద్దు. తలుపులోకి నీళ్లు వస్తాయి, ఎండీఎఫ్ ఉబ్బిపోతుంది, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. గట్టి ప్లాస్టిక్ రింగు అడగండి. ఇక వైర్లు కోయనివ్వకండి. చాలా కార్లకు కప్లరుకు కప్లరు తగిలించే అడాప్టరు వైర్లు దొరుకుతాయి. వారంటీ పనికి వెళ్లినప్పుడు కోసి టేపు చుట్టిన వైరు కనిపిస్తే సర్వీసు సెంటరువాళ్లకు అదొక్క సాకు చాలు.

ఇంకొకటి. ఒక తలుపులో ప్లస్, మైనస్ తారుమారైతే ఇక్కడ కోను ముందుకు వస్తున్నప్పుడు అక్కడ వెనక్కి పోతుంది, బేస్ (కిందిస్థాయి ధ్వని) మాయమవుతుంది. కొత్త స్పీకరు బాగాలేదని తిరిగి వచ్చేవాళ్లలో ఇలాంటి కేసులు కూడా ఉంటాయి. 1.5 వోల్టుల గడియారం సెల్లును వైరు కొనలకు క్షణం తాకించండి. సెల్లు ప్లస్, స్పీకరు ప్లస్ కలిసినప్పుడు కోను బయటికి రావాలి. రెండు తలుపులకూ ఇది చూశాకే ప్యాడ్ మూయనివ్వండి.

వేళచ్చేరి వాన:

చెన్నై నుంచి ఒక మాట. పాత రేడియో గారు తలుపును స్పీకరు పెట్టె అంటున్నారు. కారు తయారుచేసినవాడికి మాత్రం అది గ్లాసు దిగే గూడు, తాళం ఉండే చోటు, అన్నిటికంటే ముఖ్యంగా వాననీళ్లు కిందికి జారిపోయే దారి. గ్లాసు పక్కనున్న రబ్బరు పట్టీ నీళ్లన్నిటినీ ఆపదు. లోపలికి దిగిన నీరు తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి.

మా కారుకు డంపింగ్ చేసినవాళ్లు అడుగు దాకా షీటు పరిచి ఆ రంధ్రాలను కూడా కప్పేశారు. పైగా ప్లాస్టిక్ తెరను చించి అవతల పారేశారు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక తలుపు తెరిచినప్పుడల్లా లోపల నీళ్లు బొళబొళమనేవి. కాళ్ల దగ్గర కార్పెట్ తడి, ఆ తర్వాత ముక్కవాసన. వాళ్లను అడిగితే వాన ఎక్కువగా పడిందండీ అన్నారు!

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. కొన్ని కార్లలో ముందు తలుపు లోపల ప్రెజర్ సెన్సరు ఉంటుంది. పక్కనుంచి ఏదైనా గుద్దినప్పుడు తలుపు నలిగి లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని పసిగట్టి పక్క ఎయిర్‌బ్యాగుకు కబురు పంపేది ఆ సెన్సరే. అలాంటి తలుపులో తెర తీసేయడం, కొత్త కంతలు కోయడం, ఉన్న కంతలను ఇష్టమొచ్చినట్టు మూయడం, ఏదీ చిన్న విషయం కాదు. మజిలీ గారూ, మీ కారులో పక్క ఎయిర్‌బ్యాగులు ఉంటే ముందు సర్వీసు సెంటరులో అడిగి తెలుసుకోండి. పాటకంటే అది ముఖ్యం.

పాత రేడియో:

వాన గారు చెప్పింది అక్షరాలా నిజం, అడుగు రంధ్రాల జోలికి ఎవరూ పోకూడదు. అయితే అది పనివాడి నిర్లక్ష్యం. షీటును అడుగు అంచుకు నాలుగు వేళ్లు పైనే ఆపాలి, తెరను తిరిగి అంటించాలి. సెన్సరు ఉన్న తలుపులో నేను కూడా బయటి రేకుకు షీటు వేసి ఊరుకుంటాను, కంతలు మూయమనను.

సన్యాసి గారూ, రోడ్డు రొదలో బేస్ వినబడదు కాబట్టి దాన్ని వదిలేయమంటారా? టైర్ల రొద, ఇంజను రొద ఎక్కువగా ఉండేది కిందిస్థాయిలోనే. అవి పాటలోని కిందిస్థాయిని కప్పేస్తాయి. అందుకే మనం వాల్యూము పెంచుతాం, చిన్న స్టీరియో ఊపిరి అందక చీదరగా పలుకుతుంది. స్టీరియో డబ్బా మీద 50 వాట్లు, నాలుగు చానెళ్లు అని రాస్తారే, ఆ 50 ఎక్కడిదో లెక్క చూడండి. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14.4 వోల్టులు. 14.4 ఇంటు 14.4 బై 4 ఓములు అంటే దాదాపు 52. తరంగం తలలు తెగి చదరపు ఆకారం అయ్యేదాకా వాల్యూము తిప్పితే వచ్చే అంకె అది. శుభ్రమైన ధ్వనికి అందులో సగమే పైకప్పు, నష్టాలు పోను చేతికి వచ్చేది 20 వాట్లకు అటూ ఇటూ. అంత చిన్న శక్తిని కంతల్లో పారబోయకండి అంటున్నాను.

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

మీ లెక్క నా పక్షానే ఉంది మహాప్రభో. ఉన్నవి 20 వాట్లే అయితే చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందన్నది. 89 డెసిబెళ్ల స్పీకరుకు బదులు 92 డెసిబెళ్లది వేస్తే, అంటే 3 డెసిబెళ్ల తేడాకు, ఆంప్లిఫైయరు లేకుండానే శక్తి రెట్టింపు అయినంత ఫలితం. ఏ డంపింగ్ షీటు అంత ఇస్తుంది? ఇక స్టీరియోలో హై పాస్ ఫిల్టరు (పెట్టిన అంకెకు కింది ధ్వనులను తగ్గించేది) ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. చిన్న స్పీకరు మోయలేని బరువు దాని మీద పడదు, గొంతు తేటగా వస్తుంది. పైసా ఖర్చు లేదు. ఈ మాట ఏ షాపులోనూ చెప్పరు, ఎందుకంటే దానికి బిల్లు వేయలేరు.

నాలుగు చానెళ్లు:

క్షమించండి, ఇదంతా పిసినారి సంగీతం. ఆంప్లిఫైయరు, డీఎస్పీ (ధ్వనిని లెక్కకట్టి సరిదిద్దే చిప్పు) లేకుండా కారులో మంచి ధ్వని రాదు. మన స్టీరింగు కుడివైపు. డ్రైవరుకు కుడి తలుపు స్పీకరు దగ్గర, ఎడమది దూరం. అర మీటరు తేడా అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్లు. దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆలస్యం చేస్తే గాయకుడు డ్యాష్‌బోర్డు మధ్యలోకి వచ్చి నిలబడతాడు. ఒక్కసారి విన్నవాళ్లు వెనక్కి పోలేరు.

తలుపు విప్పేవాడు:

నిజమే, నేను బిగించిన వాటిలో బాగా పలికేవి అలాంటివే. కానీ ఆయన చేతిలో ఉన్నది 15 వేలు. చవక ఆంప్లిఫైయరుతో పాటు అంటగట్టే వైర్లలో చాలావరకు రాగి పూత వేసిన అల్యూమినియం. అదే మందంలో రాగి మోసే కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులే మోస్తుంది. బ్యాటరీ నుంచి తీగ లాగి, ఫ్యూజును బ్యాటరీకి జానెడు మూరెడు దూరంలో కాకుండా సీటు కింద పెట్టేవాళ్లున్నారు. మధ్యలో తీగ ఎక్కడైనా రాసుకుని రేకుకు తగిలితే ఆ ఫ్యూజు ఉన్నా లేనట్టే. సగం డబ్బుతో ఆ పనికి దిగవద్దు.

మారతహళ్లి మజిలీ:

అందరికీ ధన్యవాదాలు. కారు పుస్తకం చూశాను, మాకు ముందు రెండు ఎయిర్‌బ్యాగులే, పక్కవి లేవు. స్టీరియో సెట్టింగుల్లో హై పాస్ ఉంది. 80 దగ్గర పెట్టగానే తలుపు గడగడలాడటం తగ్గింది. సన్యాసి గారికి ఒక దండం. ఆంప్లిఫైయరు ఆలోచన మానుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే. పాత రేడియో గారు చెప్పినట్టు ఈసారికి డంపింగ్ మాత్రం చేయించి, పాత స్పీకర్లతో కొన్నాళ్లు విని, చాలకపోతేనే కొత్తవి కొనాలా? లేక రెండూ ఒకేసారి కానివ్వాలా?

పాత రేడియో:

విడివిడిగానే. రెండూ కలిపి చేయిస్తే ఏది ఎంత మార్చిందో మీకెప్పటికీ తెలియదు. స్పీకరు కంపెనీకి మెచ్చుకోలు దక్కుతుంది, పని చేసింది షీటు అయినా.

సిల్క్‌బోర్డ్ సన్యాసి:

ఆయనకు కావాల్సింది పాట, పరిశోధన కాదు. రెండుసార్లు విప్పితే రెండుసార్లు లేబరు, రెండుసార్లు సెలవు. 15 వేలలో అదెంత పోతుందో లెక్క వేసుకోండి.

తలుపు విప్పేవాడు:

లేబరు సంగతి అటుంచండి, ప్యాడ్ క్లిప్పుల సంగతి చూడండి. పాత కారు ప్యాడ్ ఊడదీసినప్పుడల్లా ఒకటో రెండో తెల్ల క్లిప్పులు విరుగుతాయి. విరిగినవాటితోనే బిగిస్తే మీరెంత బ్యూటైల్ వేసినా ప్యాడే కిటకిటలాడుతుంది. మీ తలుపు విషయంలో నేనైతే ఒకేసారి చేస్తాను: ముందు తలుపులకు మాత్రమే షీటు, సెన్సిటివిటీ ఎక్కువున్న కోయాక్సియల్ జత, పాతవి వెనక్కి. వెనక రంధ్రం కొలత అదే అయితేనే ఇది కుదురుతుంది. వెనక తలుపు దాకా కంపెనీ వైరు వచ్చి ఉందో లేదో కూడా చూడాలి, కొన్ని బేస్ మోడళ్లలో ఉండదు. లేకపోతే కారు స్తంభానికీ తలుపుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు లాగాలి, దానికి పూట పడుతుంది. గంటలో పంపిస్తామన్న షాపులో ఆ గొట్టం సంగతి అడిగి చూడండి. ఏ షాపుకు వెళ్లినా మీ మోడల్ క్లిప్పులు ఒక ప్యాకెట్ ముందే కొనుక్కుని జేబులో పెట్టుకెళ్లండి, శనివారం మాత్రం వెళ్లకండి.