భూమిని కొలబద్దగా పెట్టుకుని అంగారకుడి గురించి తీర్పు చెప్పవచ్చా?

గోదావరి గట్టు:
అంగారకుడి మీద ఒలింపస్ మోన్స్ అగ్నిపర్వతం సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు పెరిగింది. అక్కడి పైపొర ఫలకాలుగా విడిపోయి కదలకపోవడమే కారణమంటున్నారు. హవాయిలో పసిఫిక్ ఫలకం జరుగుతూ ఉండడం వల్ల లావా ఒక్కచోట పోగుపడక దీవుల వరుస ఏర్పడిందన్నది దీనికి ఆధారం. ఒక్క భూమిని చూసి మరో గ్రహం సంగతి తేల్చేయడం శాస్త్రమేనా?

శిలాన్వేషి:
ముమ్మాటికీ శాస్త్రమే. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీలలో కనిపించే నల్లరాయి దక్కన్ లావాలో భాగం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు ఆ లావా పొంగినప్పుడు మన ఫలకం రీయూనియన్ హాట్‌స్పాట్ (భూమి లోతుల నుంచి లావా ఒకేచోట పొంగుకొచ్చే స్థానం) మీద ఉంది. తరువాత మనం ఉత్తరానికి వచ్చేశాం, అది మాత్రం నేటికీ రీయూనియన్ దీవిలో లావాను చిమ్ముతూనే ఉంది. ఫలకం కదలకపోతే ఏమవుతుందో అంగారకుడిని చూస్తే తెలుస్తుంది. గురుత్వం భూమి మీది దానిలో 38 శాతమే కావడం, పైపొర మందంగా ఉండడం కూడా కలిసివచ్చాయి.

కృష్ణాతీరం:
హవాయిలోని మౌనా కియా అగ్నిపర్వతాన్ని సముద్రగర్భం నుంచి కొలిస్తే 10 కిలోమీటర్లు దాటుతుంది. మరి ఆ 22 ఎక్కడి నుంచి కొలిచినట్టు?

గోదావరి గట్టు:
సరిగ్గా అడిగారు. సముద్రమే లేని గ్రహం మీద ఎత్తును దేని నుంచి లెక్కిస్తారు?

శిలాన్వేషి:
గ్రహమంతటికీ ఒక ప్రమాణ తలాన్ని నిర్ణయించుకుని కొలుస్తారు. చుట్టూ ఉన్న మైదానం నుంచి కొలిచినా 20 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి, ఇక ఎత్తు సంగతి వదిలేయండి.

గోదావరి గట్టు:
వదలను. రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాయిలో ఆల్చిప్పలను ఒక్కొక్కటిగా గుర్తించి నేను రాసిన నివేదికను ఒక సంస్థ పక్కన పడేసి, ఉపగ్రహ చిత్రాల పనికి నిధులిచ్చింది. సుత్తి పట్టనివారు, బిలాలు ఎక్కువుంటే నేల అంత పాతదంటూ, ఉల్కలు చేసిన బిలాలను లెక్కపెట్టి లావా వయసు చెబితే అది భూవిజ్ఞానమా?

నిశాంత్:
పెద్దలిద్దరూ కాస్త శాంతించండి.

శిలాన్వేషి:
మీకు జరిగినది అన్యాయమే. అయితే మీ అభ్యంతరం పోలిక మీద కన్నా, రాయి చేతికి అందకుండా వయసు చెప్పడం మీద ఉందని ఇప్పుడు అర్థమైంది. బిలాల లెక్క ఊహ కాదండీ. అపోలో యాత్రికులు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్ల వయసును, అవి దొరికిన నేల మీది బిలాల సంఖ్యతో జతచేసి ఆ పద్ధతిని కట్టారు. 2020లో చైనా వ్యోమనౌక చాంగె-5 చంద్రుడి నుంచి తెచ్చిన బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) వయసు సుమారు 200 కోట్ల ఏళ్లని తేలడంతో, అంతకుముందు రాళ్లు లేని కాలానికి కూడా ఒక ఆధారం దొరికింది.

గోదావరి గట్టు:
అది చంద్రుడి మాట. అంగారకుడు గ్రహశకలాల వలయానికి దగ్గర కనుక ఉల్కలు ఎంత తరచుగా పడతాయన్న లెక్కను సవరిస్తారు. ఆ సవరణకు ఆధారమైన రాయి ఏది?

కృష్ణాతీరం:
అంగారకుడి మీది గేల్ బిలంలో నాసా రోవర్ క్యూరియాసిటీ ఒక రాయిని తొలిచి, దాని వయసు సుమారు 420 కోట్ల ఏళ్లని 2013లో చెప్పింది కదా?

గోదావరి గట్టు:
అది మట్టిరాయి. వేరేచోటి నుంచి కొట్టుకొచ్చిన రేణువుల వయసు అది. ఒలింపస్ వాలు మీది లావా ముక్క ఒక్కటైనా ప్రయోగశాలకు చేరేవరకు, అక్కడి లావా వయసు పక్కన ‘అంచనా’ అని రాయాలన్నదే నా పట్టు.

శిలాన్వేషి:
రాస్తాను. పోల్చడం మాత్రం మానను.