అప్‌డేట్: చదవని పుస్తకాల ఛాలెంజ్, ఆరు నెలల తర్వాత

జనవరిలో అడిగాను కదా, కొని చదవకుండా ఉండిపోయినవి ఇంట్లో 43 పుస్తకాలున్నాయి, నెలకి ఇన్ని అని టార్గెట్ పెట్టుకుంటే రెండో నెలకే వదిలేస్తున్నా, ఏం చేయాలి అని. మీలో ఒకరు చెప్పిన చిట్టీల పద్ధతి పట్టుకున్నా. "అన్నిటికంటే సన్నది", "ఎవరో బహుమతిగా ఇచ్చింది", "సగంలో ఆపేసింది" ఇలా 12 రాసి డబ్బాలో వేశా, కుదిరినప్పుడు ఒకటి తీసి దానికి సరిపోయే పుస్తకం చదవడం, నెల లెక్క లేదు, 50 పేజీలు చదివాక కూడా నచ్చకపోతే ఎవరికైనా ఇచ్చేయడం, తీసిన చిట్టీ ఎలాగైనా మళ్లీ డబ్బాలోకే. ఇప్పటికి 14 అయిపోయాయండి! 5 ఇచ్చేశా.

ఎక్కువ చదివింది మెట్రోలోనే, మియాపూర్ నుంచి నాంపల్లి దాకా, సీటు దొరక్కపోయినా సన్న పుస్తకమైతే ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. వేయిపడగలు మాత్రం మోయలేక ఇంట్లోనే, పడుకునే ముందు పది పేజీలు, ఏప్రిల్లో మొదలుపెట్టింది ఇంకా నడుస్తోంది, వదలబుద్ధి కావట్లేదు. మా అమ్మ పెళ్లికి ముందు కొనుక్కున్న కాపీ అది, పక్కన తను గీసిన పెన్సిల్ గీతలు కనిపించినప్పుడల్లా ఫోన్ చేసి ఆ పేజీ చదివి వినిపిస్తున్నా.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి వెళ్లడం మానలేదు, కాకపోతే రెండు చదివితేనే ఒకటి కొనాలి, డిసెంబర్లో బుక్ ఫెయిర్‌కీ అదే లెక్క. చిట్టీల ఐడియా ఇచ్చినవాళ్లకి చాలా థ్యాంక్స్ అండి.